నా స్టూడెంట్ ఎక్కడ?

మెకానిక్‌ని పోయినవారం మనం పరీక్ష హాల్లో, కంప్యూటర్ ముందు, చెమటలు కక్కుతుండగా వదిలేసి వచ్చాం. మధ్యదారిలో బండెక్కినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి అక్కడికే వెళ్దాం.

అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. పనిలో ఉండగా కిందపడి భుజం విరగ్గొట్టుకున్నాక లిఫ్టు గోతుల్లోకి దిగి ఇనుప తాళ్ళు బిగించే పనికి పనికిరాకుండా పోయాడు. కంపెనీవాళ్ళు దయతలిచి స్పేరు పార్టుల గోడౌన్లో కూర్చోబెట్టారు. "సూపర్‌వైజర్ కుర్చీ ఖాళీ అవుతుంది, అది నీకే. కానీ డిగ్రీ ఉండాలి. డిగ్రీ లేకపోతే గోడౌన్లో కూడా ఎన్నాళ్ళో ఉంచలేం" అన్నారు. అందుకని ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో చదువుకునే డిగ్రీలో, స్టాటిస్టిక్స్‌లో, చేరాడు. చేరడం అతను చేరాడు. చదవడం మాత్రం అతని భార్య చదివింది.

మొదట్లో ఇందులో పెద్ద మోసం ఏమీ లేదు. క్లాసు నడుస్తుండగా తెర మీద ఉన్నట్టుండి 'ఉన్నాను' అని ఒక మీట వచ్చేది. వెంటనే నొక్కకపోతే ఆ పూట హాజరు పోయినట్టే. క్లాసు టైముకి అతను గోడౌన్లో ఉండేవాడు కాబట్టి ఆ మీట నొక్కడానికి భార్య కూర్చునేది. మీట కోసం చూస్తూ పాఠం వింది. వినగా వినగా ఇష్టం పుట్టింది. అటుపైన పరీక్షలూ తనే రాసింది, సందేహాలూ తనే అడిగింది, మార్కులు మాత్రం మొగుడి పేరు మీద పడ్డాయి. అలా మూడేళ్ళు గడిచాయి. ఆఖరి పరీక్ష ఒక్కటి సెంటరుకి వచ్చి రాయాలన్నారు. భర్తకి చిలక్కి నేర్పినట్టు నేర్పి, ఇస్త్రీ చొక్కా తొడిగి తీసుకొచ్చింది. అతను మొదటి జవాబు సగం కొట్టాడో లేదో తెర ఎర్రగా మారి ఆగిపోయింది. 'ఈ చెయ్యి మా విద్యార్థిది కాదు' అని దాని మీద రాసి ఉంది.

అక్కడ ఆపాం. ఇక పదండి.

వరండాలో బెంచీ మీద కూర్చున్న ఆమె దగ్గరికి అటెండరు వచ్చాడు.

"కిటికీ పక్క సీటతని తాలూకు మీరేనా? లోపల మేడమ్ రమ్మంటున్నారు."

ఆమె లేచింది. ఏం జరిగిందని అడుగుదామనుకుంది. ఏమీ జరగలేదని అతను చెప్పే అవకాశం లేదని ముఖం చూడగానే తెలిసిపోయి, మాట్లాడకుండా వెనకాలే నడిచింది.

పరీక్షల ఆఫీసరమ్మ గది ఇరుగ్గా ఉంది. గోడవారగా పాత కంప్యూటర్ల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. బల్ల మీద ఒక కంప్యూటరు, దాని పక్కన ప్లాస్టిక్ ట్రే. ట్రే నిండా పరీక్ష రాసేవాళ్ళ దగ్గర్నుంచి తీసుకున్న ఫోన్లు. వాటిలో ఏదో ఒకటి ఉండుండి గుర్రుమంటోంది. భర్త కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా, అంచు మీద కూర్చున్నాడు. పొద్దున ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా వీపంతా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆమెను చూసి కూడా చూడనట్టు తల దించుకున్నాడు.

"ఈ స్టూడెంటు భార్య మీరేనా?" అని అడిగింది ఆఫీసరమ్మ.

ఆమె తలూపింది.

"కూర్చోండి. కంగారు పడకండి, నేనింకా ఏమీ తేల్చలేదు." ఆవిడ గొంతు కఠినంగా లేదు. అలసటగా ఉంది. "మనిషికి నడక ఉన్నట్టే టైపింగుకీ ఒక నడక ఉంటుందమ్మా. ఏ అక్షరం తర్వాత ఎంత ఆగుతారు, ఎక్కడ తొందరపడతారు, ఎక్కడ తప్పుకొట్టి వెనక్కి వస్తారు, ఇదంతా మెషీన్ చూస్తూ ఉంటుంది. అందరిళ్ళలోనూ కెమెరాలు ఉండవు కదా, అందుకని మాకు ఇదే కాపలా. చేరిన రోజున ఒక పేరా కొట్టించాం, గుర్తుందా? అక్కణ్ణుంచి ఇప్పటిదాకా మీ ఆయన పేరు మీద ఒకే చెయ్యి. ఒక్కసారంటే ఒక్కసారి తేడా రాలేదు. ఇవాళ ఈయన కూర్చోగానే ఈ చెయ్యి కాదు పొమ్మంది."

"భుజం మేడమ్," అన్నాడు భర్త. "దెబ్బ తగిలింది. అందుకే వేళ్ళు సరిగా ఆడవు."

"అయ్యో. ఎప్పుడు తగిలింది?"

"డిగ్రీలో చేరకముందే మేడమ్."

"మరి మూడేళ్ళూ బాగానే ఆడాయిగా!"

అతను తెలివితక్కువ మనిషి కాదు సుమా. ఏ అంతస్తులో ఏ లిఫ్టు ఎందుకు మూలుగుతోందో కింద నిలబడి విని చెప్పగలడు. కానీ అబద్ధం చెప్పడంలో అనుభవం లేదు, అందులోనూ కుర్చీలో కూర్చుని చెప్పడంలో అసలే లేదు.

ఆమెకు మాత్రం ఆ చేరిన రోజు కళ్ళ ముందుకొచ్చింది. అతని చెయ్యి కట్టు కట్టి మెడకు వేలాడదీసి ఉంది. 'ఏదో పేరా కొట్టమంటున్నాడే, నువ్వు కొట్టెయ్' అన్నాడు. పెళ్ళికి ముందు జిరాక్సు షాపులో టైపింగు చేసిన వేళ్ళు ఆమెవి. చకచకా కొట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరికీ దాని మీద రెండో ఆలోచన రాలేదు. ఆ ఒక్క పేరాతో మెషీన్ ఆమె వేళ్ళకి అతని పేరు పెట్టేసిందని ఇప్పుడు తెలిసింది.

"దీనికి రెండే దారులున్నాయి," అంది ఆఫీసరమ్మ, కంప్యూటర్ని కాస్త పక్కకి జరుపుతూ. "మూడేళ్ళుగా వేరేవాళ్ళ చేత రాయించుకుని, ఇవాళ తప్పనిసరై స్టూడెంటు స్వయంగా వచ్చాడనుకోండి. చదివినదంతా రద్దు. ఇంకెక్కడా చేరడానికి వీల్లేదు. పనిచేసే చోటికి కూడా మేము తెలియజెయ్యాలి. లేదూ, మూడేళ్ళు నిజాయితీగా చదివిన స్టూడెంటు ఏ జబ్బో చేసి రాలేక, తన బదులు ఇంకొకర్ని పంపాడనుకోండి. అప్పుడు ఇవాళ్టి పరీక్ష ఒక్కటే పోతుంది. స్టూడెంటు సంజాయిషీ చెప్పుకుని మళ్ళీ రాసుకోవచ్చు. వచ్చినవాణ్ణి మాత్రం పోలీసులకి అప్పజెబుతాం."

భర్త తల పైకెత్తాడు. అతని చూపు చూసి ఆమెకు భయం వేసింది. లిఫ్టు మధ్యలో ఇరుక్కుంటే పై మూత తీసి బయటపడే దారుందేమోనని వెతికే చూపు అది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు.

ఆమె అప్రయత్నంగా లేచి నిలబడింది. టీకప్పు సారు! క్లాసులో పిల్లలు రహస్యంగా పెట్టుకున్న పేరు అది. ప్రతి పాఠంలోనూ ఆయన పక్కన పొగలు కక్కే కప్పు ఒకటి ఉండేది, పాఠం అయిపోయేసరికి అది చల్లారిపోయేది, ఆయన ఏనాడూ తాగిన పాపాన పోలేదు. మూడేళ్ళుగా తెర మీద ఛాతీదాకా మాత్రమే చూసిన మనిషి. ఆయనకి కాళ్ళుంటాయనీ, ఆ కాళ్ళకి అరిగిపోయిన చెప్పులుంటాయనీ, మనిషి ఇంత పొట్టి అనీ ఆమె ఎన్నడూ ఊహించుకోలేదు. దణ్ణం పెట్టబోయి ఆగిపోయింది. తనకి ఆయన ఏమీ కాడు. తను స్టూడెంటు భార్య.

"ఏడీ మనవాడు?" అన్నాడాయన నవ్వుతూ. మెకానిక్‌ని చూసి గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వేనా! ఆఖరి పరీక్ష ఈ సెంటర్లోనని తెలిసి పొద్దున్నే బస్సెక్కాను. ఇన్నేళ్ళలో ఒక్క స్టూడెంటునైనా ఎదురుగా చూడాలని ఉండదా? పరీక్ష ఎలా రాశావ్?"

భర్త ఆ చేతుల్లోంచి తన చేతులు ఎలా తీసుకోవాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

ఆఫీసరమ్మ జరిగింది చెప్పింది. ఆయన వింటున్నంతసేపూ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"మెషీన్ల మాట నాకు చెప్పకండమ్మా. నా గొంతుకి బొంగురొస్తేనే నేను నేను కాదంటుంది మా ఇంట్లో ఫోను. రెండు నిమిషాలు నేను మాట్లాడతాను. నా స్టూడెంటు అవునో కాదో నాకు తెలీదా?"

కుర్చీ లాక్కుని మెకానిక్ ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"పరీక్ష ప్రశ్నలేమీ అడగనులే, భయపడకు. నీకు నేనొక విషయం చెప్పాలి. నా క్లాసులో వేలమంది పేర్లుంటాయి. అందరూ 'ఉన్నాను' అని నొక్కి పోయేవాళ్ళే. ఉన్నారో లేరో ఆ దేవుడికే తెలియాలి. గోడకి పాఠం చెబుతున్నానా అనిపించి మానేద్దామనుకున్న రోజులున్నాయి. ఒకరోజు సర్వేల పాఠం చెబుతున్నాను. ఇంటింటికీ వెళ్ళి జనాన్ని అడిగి లెక్కలు ఎలా తీస్తారో చెప్పాను. నీ ప్రశ్న వచ్చింది. గుర్తుందిగా?"

"ఉంది సార్," అన్నాడు భర్త.

"నాకు అక్షరం అక్షరం గుర్తుంది. 'సార్, ఇంటికి వచ్చి అడిగితే తలుపు తీసినవాళ్ళ మాటే కదా లెక్కలోకి వస్తుంది? తలుపు వెనకాల నిలబడ్డవాళ్ళ సంగతేంటి? వాళ్ళంతా ఒకేలాంటి వాళ్ళయితే మన లెక్క మొత్తం తప్పు కాదా?' అని అడిగావ్. నేను పాఠం ఆపేశాను. పుస్తకాల్లో దానికి పెద్ద పేరుంది, పెద్ద లెక్కలున్నాయి. కానీ పేరేమిటో కూడా తెలియకుండా దాని గుండెకాయ పట్టుకున్నవాణ్ణి నేను చూడలేదు. ఆ పాఠం నీ ప్రశ్నతో కలిపి మళ్ళీ రికార్డు చేశాను తెలుసా? కొత్తగా చేరినవాళ్ళంతా ఇప్పుడదే చూస్తున్నారు. నేను అడిగేది ఒకటే. అది నీకెలా తట్టింది?"

ట్రేలో ఒక ఫోను గుర్రుమని ఆగింది.

"పుస్తకంలో చూసి సార్."

"ఏ పుస్తకం?"

"కొంచెం లావుగా ఉంటుంది సార్."

పెద్దాయన ముఖంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. అది చూస్తూ కూర్చోవడం ఆమెకు ప్రాణం మీదికొచ్చింది. నోరు తెరిచి చెప్పేద్దామా అనిపించింది. ఎదురుగా మొగుడి తడిసిన వీపు. ఆ వీపు మీద ఇల్లుంది, ఇంటద్దె ఉంది, రాబోయే ఏళ్ళన్నీ ఉన్నాయి. నోరు మూసుకుంది.

"పోనీ, సగటుకీ మధ్యగతానికీ తేడా చెప్పు. నువ్వే ఒకసారి క్లాసందరికీ రాసి చూపించావు."

"సగటంటే సార్... అన్నీ కలిపి... భాగించి..." భర్త ఆమె నేర్పినదంతా గుర్తు తెచ్చుకోవడానికి పైకి చూశాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. "మధ్యగతమంటే మధ్యలో ఉండేది సార్."

"దేని మధ్యలో?"

"అంటే... అన్నిటికీ మధ్యలో సార్."

పెద్దాయన కుర్చీ వెనక్కి జరిపాడు. ఇప్పుడు ఆయన గొంతు మారిపోయింది.

"నా స్టూడెంట్ ఎక్కడ?"

"సార్..."

"నిన్నే అడుగుతున్నాను. నా స్టూడెంట్ ఎక్కడ? అతని పేరు పెట్టుకుని, అతని కార్డు పట్టుకుని వచ్చి కూర్చున్నావ్. అతనికి ఏమైంది? జబ్బు చేసిందా? ఎవరైనా రాకుండా ఆపారా? అసలు ఉన్నాడా లేడా?" "మూడేళ్ళు నేను పాఠం చెప్పింది ఆ ఒక్కడి కోసమయ్యా!"

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎక్కడుందని ఒక మనిషి ఇంత ఆత్రంగా అడగడం ఇదే మొదలు. అడుగుతున్నాయనకి రెండడుగుల దూరంలో కూర్చుని ఉంది. సంతోషమో ఏడుపో ఆమెకే తెలియలేదు. రెండూ కలిసే వచ్చాయి.

అప్పుడు మెకానిక్ నోరు తెరిచాడు. తెరవకుండా ఉంటే బావుండేది.

"నిజం చెప్పేస్తాను సార్. ఆయన మా అన్నయ్య."

"ఎవరు?"

"మీ స్టూడెంటు సార్. మా అన్నయ్య. ఆయనకి ఒంట్లో బాలేదు. నేను తమ్ముణ్ణి. ఆయన బదులు నేను వచ్చాను. తప్పంతా నాది. నన్ను పోలీసులకి పట్టించండి. ఆయన చదువు మాత్రం పాడు చెయ్యకండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటా."

మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికితే చాలు. ఆఫీసరమ్మ చెప్పిన రెండో దారిని ఇతను గడ్డిపోచలా పట్టుకున్నాడు. డిగ్రీ బతికితే చాలు, తను ఏమైపోయినా సరే. ఆ డిగ్రీ తనదేననీ, జైల్లో పడే తమ్ముడూ కుర్చీ ఎక్కాల్సిన అన్నా ఒకే ఒంట్లో ఉన్నారనీ అతనికి ఆ క్షణాన తట్టనేలేదు.

ఆఫీసరమ్మ అతని కార్డు చేతిలోకి తీసుకుంది. ఫోటో చూసింది, అతన్ని చూసింది.

"అన్నదమ్ముల పోలిక గట్టిదే. కానీ ఈ ఎడమ కనుబొమ్మ మీది గాటు కూడా పోలికేనా?"

"చిన్నప్పుడు ఇద్దరం ఒకే గుమ్మానికి కొట్టుకున్నాం మేడమ్."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతకలేదు సరిగదా, ఉన్నదాన్ని కూడా ఊడదీసింది. మరో చోటైతే ఎవరైనా నవ్వేవాళ్ళు. అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు. ఆఫీసరమ్మ బల్ల మీది టెలిఫోను దగ్గరికి లాక్కుంది.

"ఆగండి," అన్నాడు పెద్దాయన. "పోలీసులు ఎక్కడికీ పోరు. ముందు నేను నా స్టూడెంటుతో మాట్లాడాలి. ఒంట్లో బాలేదంటున్నాడుగా, గొంతైనా వింటాను." ఆమె వైపు తిరిగాడు. ఇంతసేపట్లో ఆమెను చూడడం అదే మొదలు. "అమ్మా, మీ ఆయనకి ఒకసారి ఫోన్ చెయ్యండి."

ఆమె చేతిసంచిలో ఫోనుంది. భర్త ఫోను మూల పగిలిన అద్దంతో, ట్రేలో అన్నిటికంటే పైన ఉంది. ఆమె చెయ్యగానే ఆఫీసరమ్మ మోచేతి పక్కనే అది మోగుతుంది. భర్త కూడా అటే చూశాడు. అంతవరకూ ఎర్రగా ఉన్న ముఖం పాలిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. పక్కలకి జరుగుదామన్నా ఆ గదిలో అట్టపెట్టెలు తప్ప చోటు లేదు.

"ఎత్తరు సార్," అంది.

"ఎందుకెత్తడు? నేను మాట్లాడతానన్నానని చెప్పండి. నా పేరు చెబితే ఎత్తుతాడు."

ఏం చెయ్యాలి? ఇవాళ ఎలాగో నోరు మూసుకుని బయటపడ్డా పోలీసులు వేలిముద్ర అడిగితే సాయంత్రానికి ఈ తమ్ముడి కథ తెల్లారిపోతుంది. అప్పుడు దొంగచదువుకి తోడు దొంగపేరు కూడా. ఆ సంగతి అతనికి తెలియడం లేదు, ఆమెకు తెలుస్తోంది. నిజం చెప్పి కాళ్ళు పట్టుకుంటే ఈ పెద్దాయన జాలిపడవచ్చు, పడకపోవచ్చు. అబద్ధానికి మాత్రం ఎవరూ జాలిపడరు. ఇలా లెక్క వేసుకునే చెప్పానని ఆమె తర్వాత్తర్వాత తనకి తను సర్దిచెప్పుకుంది. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆయన అంతగా వెతుకుతున్న మనిషిని తనేనని చెప్పుకోకుండా ఇంకొక్క నిమిషం కూడా ఉండలేకపోయింది.

"సార్, ఆ ప్రశ్న నాది."

"ఏ ప్రశ్నమ్మా?"

"తలుపు వెనకాల నిలబడ్డవాళ్ళ ప్రశ్న. అది ఎలా తట్టిందని అడిగారు కదా."

భర్త గిరుక్కున తిరిగాడు. ఆమె అతని వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని తెలుసు.

"అంతకుముందు రోజు, ఆదివారం, మా ఇంటికి సర్వేవాళ్ళు వచ్చారు సార్. తలుపు మా ఆయన తీశారు. 'ఇంట్లో చదువుకుంటున్నవాళ్ళు ఉన్నారా?' అని అడిగారు. 'నేనే, డిగ్రీ చదువుతున్నా' అన్నారు. 'మరి మీ ఆవిడ?' అన్నారు. 'ఆవిడ ఇంట్లోనే ఉంటుంది' అన్నారు. వాళ్ళు రాసుకుని వెళ్ళిపోయారు. నేను తలుపు వెనకాలే ఉన్నాను. లోపల మీ పాత పాఠం రికార్డు పెట్టుకుని వింటున్నదాన్ని, ఆపి వచ్చాను, ఎవరొచ్చారో చూద్దామని. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను గాని ఆ రోజు పాఠం ఎక్కలేదు. మర్నాడు మీరు సర్వేల గురించి మొదలుపెట్టారు. నాకు కోపం వచ్చి అడిగాను సార్. తెలివితో అడగలేదు."

పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. వాటిని తుడవలేదు, ఊరికే పట్టుకుని కూర్చున్నాడు.

"మధ్యగతం కూడా మీరేనా?"

"నేనే సార్. అందర్నీ పొడుగు వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య నిలబడ్డవాడు మధ్యగతం. ఒక చివర ఎంత గొప్పవాడొచ్చి నిలబడ్డా అతను కదలడు. సగటు మాత్రం ఆ గొప్పవాడి వెనకాలే పరిగెత్తుతుందని రాశాను. మీరు కింద 'శభాష్ నాయనా' అని రాశారు."

ఆ 'నాయనా' అన్న మాట ఆమె కొంచెం ఒత్తి పలికింది.

"అంటే మొదటి దారేనన్నమాట," అంది ఆఫీసరమ్మ మెల్లగా. "మూడేళ్ళూ మీరు రాశారు. ఇతనే మీ ఆయన. చదువు ఇతనిది కాదు, పేరు మీది కాదు. అమ్మా, మీరేం చెబుతున్నారో తెలిసే చెబుతున్నారా? డిగ్రీ మీ ఇద్దరిలో ఎవరికీ రాదు. ఆయన పనిచేసేచోటికి ఇవాళే రాయాలి."

"వదినా!"

కుర్చీ వెనక్కి పడేలా లేచాడు భర్త. ఆ పిలుపు ఎవరికో ఆమెకు మొదట అర్థం కాలేదు. ఆమెకు మరిది లేడు. ఉన్న ఒక్క ఆడపడుచు పెళ్ళైపోయి ఎక్కడో ఉంది.

"ఈవిడ మాట పట్టించుకోకండి మేడమ్. మా వదినకి మతి సరిగా ఉండదు. అన్నయ్య జబ్బు పడ్డప్పటినుంచీ మరీ ఎక్కువైంది. ఆయన చదువుతుంటే పక్కన కూర్చుని వినేది, అవన్నీ తనే రాశాననుకుంటుంది. ఇంట్లో ఎవరొచ్చినా ఇదే పాట. నన్ను చూసి మా ఆయన అంటుంది ఒక్కోసారి. సిగ్గుచేటు సార్, చెప్పుకోలేక చస్తున్నాం." అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. అవి నిజం నీళ్ళే. "సార్, మా వదిన్ని చూడండి. చూస్తే తెలియడం లేదా?"

పెద్దాయన ఆమెను చూశాడు. చూడమన్నాడు కాబట్టి చూశాడు. నలిగిన చీర, అరిగిన చెప్పులు, సంచిలోంచి పైకి కనిపిస్తున్న మంచినీళ్ళ సీసా. ఒక్క క్షణం ఆయన కళ్ళల్లో అనుమానం కదిలింది. ఆమె దాన్ని చూసింది. అంతవరకూ ఆమెకు పడ్డ దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఆ చూపు ఒక ఎత్తు.

"మనం ఇలా కూర్చుని వాదించుకోవడం ఎందుకు?" అంది ఆఫీసరమ్మ. బల్ల మీది కంప్యూటర్ని ఆమె వైపు తిప్పింది. స్టూడెంటు పేజీ తెరిచి కీబోర్డు ముందుకు జరిపింది. "ఏదో ఒకటి, రెండు వాక్యాలు కొట్టండమ్మా. ఈ మూడేళ్ళూ రాసిన చెయ్యైతే పచ్చ, కాకపోతే ఎరుపు. మెషీనుకి వదినలూ మరుదులూ తెలియరు."

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తెర పైన భర్త పేరుంది. ఆ పేరుతోనే మూడేళ్ళు బతికింది కాబట్టి అది పరాయిపేరుగా తోచలేదు.

చేతులు ఒళ్ళోనే పెట్టుకుని ఆలోచించింది. మామూలుగా కొడితే తెర పచ్చగా వెలుగుతుంది. పెద్దాయనకి తన స్టూడెంటు దొరుకుతుంది. దాంతో పాటే మొగుడి ఉద్యోగం పోతుంది. కోడి గింజలేరుకున్నట్టు ఒక్క వేలితో కొడితే ఎర్రగా ఆగిపోతుంది. ఆమె మతిలేని వదిన అవుతుంది, అతను తమ్ముడవుతాడు, ఇంకా ఎక్కడో ఒక నిజాయితీగల స్టూడెంటు జబ్బుతో పడుకుని ఉంటాడు. ఆ అబద్ధం రేపటిదాకా నిలబడదని తెలుసు. కానీ రేపు అనేది ఒకటి ఉంటుంది కదా. రాత్రికి ఇంటికెళ్ళి అతను అన్నం తింటాడు కదా. అడిగితే 'ఏం చెయ్యమన్నావే, నోటికొచ్చింది అనేశాను' అని ఏడుస్తాడు. ఏడిస్తే తను ఊరుకోబెడుతుంది. భుజం నొప్పికి మందు రాస్తుంది.

తలెత్తి అతన్ని చూసింది. భయంతో చిన్నపిల్లాడిలా అయిపోయాడు. జాలేసింది. పాపం, ఇన్నేళ్ళలో ఎన్నడూ ఆమె మీద చెయ్యెత్తని మనిషి. చదువుకుంటానంటే వద్దనని మనిషి. తన పేరు మీద చదువుకోమన్నాడు, అంతే.

కుడిచేతి చూపుడువేలు ఒక్కటే చాపి, మొదటి అక్షరం కోసం వెతుకుతున్నట్టు కీల మీద ఆడించింది. నొక్కబోయింది.

అది చూసి భర్త గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడు. పక్కకి వచ్చి వంగి, మూడో మనిషికి చెప్పినట్టు, చాలా మెత్తగా అన్నాడు:

"అలాగే వదినా, మెల్లిగా కొట్టు. తప్పొచ్చినా ఫర్వాలేదు. నీకు రాదని సార్‌కి నేను చెప్పాగా."

ఆ మాట వినేదాకా ఆమె ఒక్క వేలితోనే కొడదామనుకుంది.

మిగతా తొమ్మిది వేళ్ళనూ కీల మీదికి తెచ్చింది.